చమురు సంపద – చదువుల సంపద

ధనం ఉంటే పాఠశాల భవనాన్ని ఏడాది తిరగకుండానే నిర్మించవచ్చు. పుస్తకాలను అచ్చువేయించవచ్చు. ఉపాధ్యాయులను పరదేశాల నుండి రప్పించవచ్చు. కాని ఆ పాఠశాలలో చదివిన బాలుడు రేపు ఏ పని చేయాలి, ఆ బాలిక తన చదువును ఎక్కడ వినియోగించాలి అనే ప్రశ్నలకు ధనం ఒక్కటే సమాధానం చెప్పలేదు. ఈ విషయాన్ని స్పష్టంగా తెలియజేసే చరిత్ర అరేబియా ద్వీపకల్పంలోని చమురు దేశాలది. సౌదీ అరేబియా, కువైట్, బహ్రెయిన్, ఖతార్, ఐక్య అరబ్ ఎమిరేట్లు, ఒమన్ అనే ఈ ఆరు దేశాలు 1981లో గల్ఫ్ సహకార మండలిగా ఏర్పడ్డాయి. ఇతర దేశాలలో శతాబ్దాల కాలం పట్టిన మార్పులు ఈ దేశాలలో మూడు నాలుగు తరాలలోనే జరిగాయి. గుడారంలో పుట్టిన తాత, ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం చేసిన తండ్రి, అంతరిక్ష పరిశోధన చేస్తున్న మనుమరాలు ఒకే కుటుంబంలో కనిపించే అవకాశం అక్కడ ఉంది. ఇంతటి వేగం వలన కలిగిన మేలు ఏమిటి, ఎదురైన చిక్కులు ఏమిటి అన్నది తెలుసుకోదగిన విషయం.

ముత్యాల కాలం

చమురు వెలికిరాక ముందు గల్ఫ్ తీరప్రాంతానికి ప్రధాన జీవనాధారం ముత్యాలు. వేసవి నెలలలో పడవలు సముద్రంలోకి వెళ్ళేవి. ఈతగాళ్ళు ముక్కుకు పట్టీ బిగించుకొని, కాలికి రాయి కట్టిన తాడుతో సముద్రగర్భంలోకి దిగి, ఊపిరి బిగబట్టి ఆల్చిప్పలను ఏరుకొనేవారు. పడవ నాయకుని వద్ద ముందుగా తీసుకొన్న అప్పు ఒక ఋతువులో తీరకపోతే మరుసటి ఏడాదీ అతని పడవలోనే పనిచేయవలసి వచ్చేది. ఆ ముత్యాలకు పెద్ద అంగడి బొంబాయి. నైజాము నవాబులు ముచ్చటపడిన ‘బస్రా ముత్యాలు’ ఆ సముద్రానివే. భారతదేశంతో ఈ వర్తక సంబంధం ఎంత గాఢమైనదంటే, 1960వ దశకం వరకు గల్ఫ్ తీరంలోని పలు రాజ్యాలలో రూపాయే చెలామణిలో ఉండేది. ఎడారి లోపలి భాగాలలో ఒంటెలు, గొర్రెల మందలు, ఖర్జూర తోటలు ప్రజలకు ఆధారం.

ఆనాటి చదువు పరిమితమైనది. మసీదు దగ్గరనో, ముల్లా ఇంటి అరుగు మీదనో పిల్లలు ఖురాన్ వల్లెవేసేవారు. కొందరు వ్రాత, చిన్న లెక్కలు నేర్చుకొనేవారు. ఆధునిక పాఠశాల అక్కడికి చమురుతో పాటు వచ్చిందని చాలామంది భావిస్తారు. అది నిజం కాదు. కువైట్‌లో వర్తకులు చందాలు వేసుకొని 1911లో ‘ముబారకియ’ పాఠశాలను స్థాపించారు. బహ్రెయిన్‌లోని ముహర్రఖ్ పట్టణంలో 1919లో బాలుర పాఠశాల వెలసింది. 1928లో అక్కడే బాలికల పాఠశాల కూడా ప్రారంభమయింది. దూరదేశాలతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరపడానికి, ఖాతా పుస్తకాలు వ్రాయడానికి చదువుకొన్న యువకులు కావాలని వర్తకులు గ్రహించారు. ఆ చదువు అవసరం నుండి పుట్టింది. కాబట్టి చదువుకొన్న వానికి పని వెదకుకోవలసిన బాధ ఉండేది కాదు. ఈ అంశాన్ని గుర్తుంచుకొంటే తరువాతి కథ సులభంగా బోధపడుతుంది.

ఇంతలో పిడుగులాంటి మార్పు వచ్చింది. జపాన్ దేశీయులు కృత్రిమ పద్ధతిలో ముత్యాలను పెంచడం నేర్చుకొన్నారు. 1929లో మొదలైన ప్రపంచ ఆర్థిక మాంద్యం సంపన్నుల కొనుగోలు శక్తిని దెబ్బతీసింది. 1930వ దశకంలో ముత్యాల వ్యాపారం కుప్పకూలింది. తరతరాల వృత్తి కొన్ని ఏళ్ళలోనే అంతరించింది. ఒకే వస్తువును నమ్ముకొన్న సమాజానికి కలిగే ప్రమాదాన్ని గల్ఫ్ ప్రజలు ఆనాడే చవిచూశారు.

నేల చీల్చుకొని వచ్చిన సిరి

అదే దశకంలో భూగర్భం కరుణించింది. 1932లో బహ్రెయిన్‌లో, 1938లో కువైట్‌లోను, సౌదీ అరేబియాలోను చమురు పడింది. సౌదీలోని దమ్మామ్ వద్ద తవ్విన తొలి బావులు నిరాశ కలిగించగా, ఏడవ బావి ఆ దేశ భాగ్యరేఖను మార్చింది. ఖతార్‌లో 1940 ప్రాంతంలో చమురు లభించినా, రెండవ ప్రపంచ యుద్ధం కారణంగా ఎగుమతి 1949 వరకు సాగలేదు. అబూధాబిలో 1958లో, ఒమన్‌లో 1960వ దశకంలో నిక్షేపాలు వెల్లడయ్యాయి.

చమురు తవ్వకానికి యంత్రాలు ఎంత అవసరమో, వాటిని నడిపే మనుషులూ అంతే అవసరం. అమెరికన్ సంస్థ ‘ఆరాంకో’ సౌదీ అరేబియాలోని జహ్రాన్ వద్ద తన పనివారికోసం, స్థానిక బాలురకోసం ‘జబల్’ పాఠశాలను నడిపింది. అందులో చదివినవారిలో అలీ అల్ నయీమీ ఒకడు. ఆయన 1935లో ఎడారి సంచార కుటుంబంలో జన్మించాడు. బాల్యంలో గొర్రెలను కాశాడు. 1947లో పన్నెండేళ్ళ ప్రాయంలో చమురు సంస్థలో కాగితాలు అందించే కుర్రవాడిగా చేరాడు. పని చేస్తూనే చదువుకొన్నాడు. సంస్థ అతని ప్రతిభను గుర్తించి మొదట బైరూత్‌కు, తరువాత అమెరికాకు పంపింది. 1962లో భూగర్భశాస్త్రంలో పట్టం, మరుసటి ఏడాది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పై పట్టం పొందాడు. 1984లో ఆరాంకోకు అధ్యక్షుడైన తొలి సౌదీ పౌరుడు ఆయనే. 1995 నుండి 2016 వరకు ఆ దేశపు చమురు మంత్రిగా పనిచేశాడు. ఆయన ఒక్క మాట అంటే ప్రపంచ విపణిలో ధరలు కదిలేవి.

ఆయనకంటే ముందు తరానికి చెందిన అబ్దుల్లా అల్ తారికీ చరిత్ర కూడా ఇటువంటిదే. మధ్య అరేబియాలోని జుల్ఫీ అనే చిన్న పట్టణంలో పుట్టి, కువైట్‌లోను, కైరోలోను, అమెరికాలోని టెక్సస్‌లోను విద్యాభ్యాసం చేశాడు. విదేశీ కంపెనీల లెక్కలను చదివి అర్థం చేసుకొనే శక్తి ఆయనకు చదువు వలన అబ్బింది. 1960లో చమురు ఎగుమతి దేశాల సంస్థ ‘ఒపెక్’ ఏర్పడటానికి కారకులైన ప్రముఖులలో ఆయన ఒకడు. అదే సంవత్సరం సౌదీ అరేబియా తొలి చమురు మంత్రి అయ్యాడు. తమ నేలలోని సంపదకు తాము యజమానులం కావాలంటే ముందుగా దానిని గురించి తెలుసుకోవాలి అని ఈ తరం గ్రహించింది. వీరి చదువుకు, చేయవలసిన పనికి మధ్య అగాధం లేదు.

చదువుల వెల్లువ

1950వ దశకం నుండి చమురు ఆదాయం విద్యారంగంలోకి ప్రవహించసాగింది. దేశంలో చదువుకొన్నవారు తక్కువ కావడం చేత ఉపాధ్యాయులు ఈజిప్టు, పాలస్తీనా, సిరియా మొదలైన దేశాల నుండి వచ్చారు. పాఠ్యపుస్తకాలు కూడా చాలావరకు ఆ దేశాలవే. కువైట్ 1965లో నిర్బంధ విద్యా చట్టాన్ని తెచ్చింది, 1966లో విశ్వవిద్యాలయాన్ని ప్రారంభించింది. సౌదీ రాజధాని రియాద్‌లో 1957లోనే విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఐక్య అరబ్ ఎమిరేట్లు 1971 డిసెంబరు 2న స్వతంత్ర సమాఖ్యగా అవతరించిన కొన్ని ఏళ్ళకే అల్ ఐన్ నగరంలో జాతీయ విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పింది. ఒమన్‌లో 1970లో సుల్తాన్ ఖాబూస్ అధికారానికి వచ్చేనాటికి దేశమంతటా మూడే ఆధునిక పాఠశాలలు ఉండేవి. ఆయన పాలనలో అవి వందల సంఖ్యకు పెరిగాయి.

1973 అరబ్బు–ఇజ్రాయెల్ యుద్ధ సమయంలో అరబ్బు దేశాలు చమురు సరఫరాపై ఆంక్షలు విధించాయి. అంతకు ముందు పీపా సుమారు 3 డాలర్లు ఉన్న ధర 1974 ఆరంభానికి 12 డాలర్లకు చేరువయింది. ప్రభుత్వ ఖజానాలు నిండాయి. చదువు ఉచితం, పుస్తకాలు ఉచితం, విదేశాలలో ఉన్నత విద్యకు విద్యార్థివేతనం కూడా ప్రభుత్వానిదే. ఒక్క తరంలోనే నిరక్షరాస్యత యువతలో దాదాపు తొలగిపోయింది. ప్రపంచ విద్యాచరిత్రలో ఇంతటి వేగవంతమైన అక్షరవ్యాప్తి అరుదు.

బాలికల బడి – ఒక పోరాటం

బాలుర పాఠశాలలను సమాజం సులభంగా అంగీకరించింది. బాలికల విషయంలో అంత సులభం కాలేదు. సౌదీ రాజు ఫైసల్ భార్య ఇఫ్ఫత్ టర్కీలో పెరిగిన విద్యావతి. ఆమె 1955లో జిద్దా నగరంలో బాలికలకోసం ‘దార్ అల్ హనాన్’ అనే పాఠశాలను స్థాపించింది. ఆ పేరుకు ‘వాత్సల్య గృహం’ అని అర్థం. చదువుకొన్న తల్లి మంచి తల్లి కాగలదు అనే భావనతో ఆమె ప్రజలను ఒప్పించే ప్రయత్నం చేసింది. 1960లో ప్రభుత్వమే బాలికల పాఠశాలలను తెరవడం ప్రారంభించింది. 1963లో బురైదా పట్టణంలో దీనికి తీవ్రమైన నిరసన వ్యక్తమయింది. ప్రభుత్వం వెనుకకు తగ్గలేదు. అట్లని ఎవరినీ నిర్బంధించనూ లేదు. ఇష్టం ఉన్నవారు తమ బిడ్డలను పంపవచ్చును, లేనివారు మానవచ్చును అన్నది ఆనాటి విధానం. బాలికల విద్యా నిర్వహణను మతపెద్దల పర్యవేక్షణలోని ప్రత్యేక విభాగానికి అప్పగించి వారి అభ్యంతరాలను శాంతింపజేశారు. కాలక్రమంలో వ్యతిరేకించిన కుటుంబాలు కూడా తమ ఆడపిల్లలను బడికి పంపాయి.

ఆ రాజీకి మూల్యం కూడా ఉంది. 2002 మార్చిలో మక్కాలోని ఒక బాలికల పాఠశాలలో అగ్నిప్రమాదం సంభవించి 15 మంది విద్యార్థినులు మరణించారు. పాఠశాలల నిర్వహణపై దేశమంతటా ఆగ్రహం వెల్లువెత్తింది. ఆ వెంటనే బాలికల విద్యను ప్రత్యేక విభాగం నుండి తప్పించి విద్యా మంత్రిత్వ శాఖలో విలీనం చేశారు. 2009లో బాలికల విద్యకు ఉపమంత్రిగా నూరా అల్ ఫాయెజ్ నియమితురాలయింది. సౌదీ మంత్రిత్వ శాఖలో అంతటి ఉన్నత పదవిని పొందిన తొలి మహిళ ఆమె.

ఎన్ని అడ్డంకులు ఎదురైనా బాలికలు చదువును విడువలేదు. నేడు కువైట్, ఖతార్, ఎమిరేట్ల విశ్వవిద్యాలయాలలో స్వదేశీ విద్యార్థులను లెక్కిస్తే యువకులకంటే యువతులే ఎక్కువ. చదువు పూర్తిచేయకుండానే సైన్యంలోనో, పోలీసు శాఖలోనో చేరే అవకాశం యువకులకు ఉండేది. యువతులకు చదువే ముందుకు పోవడానికి ప్రధాన మార్గమయింది. కువైట్ మహిళలకు 2005లో ఓటు హక్కు లభించింది. 2009లో నలుగురు మహిళలు పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఆ నలుగురూ డాక్టరేట్ పట్టాలు పొందిన విదుషీమణులే కావడం గమనార్హం.

పట్టం ఉంది, పని ఏది?

చదువు వ్యాపించింది. కాని అది దేనికోసం అనే ప్రశ్న క్రమంగా తలెత్తింది. చమురు రాజ్యాలలో పాలకులకు, ప్రజలకు మధ్య వ్రాయని ఒడంబడిక ఒకటి ఉండేది. ప్రభుత్వం ప్రజల నుండి ఆదాయపు పన్ను వసూలు చేయదు. వైద్యం, విద్య ఉచితంగా ఇస్తుంది. విద్యుత్తు, నీరు, ఇంధనం చౌకగా అందిస్తుంది. చదువు ముగించిన యువకునికి ప్రభుత్వోద్యోగం ఇస్తుంది. ప్రతిగా ప్రజలు పాలనలో పెద్దగా జోక్యం చేసుకోరు. మొదటి తరానికి ఈ ఏర్పాటు హాయిగానే ఉండింది. కొత్తగా ఏర్పడిన రాజ్యానికి గుమస్తాలు, ఉపాధ్యాయులు, అధికారులు నిజంగానే అవసరమయ్యారు.

కాని కార్యాలయాలు నిండిన తరువాత కూడా పట్టభద్రులు వస్తూనే ఉన్నారు. ప్రభుత్వోద్యోగంలో జీతం ఎక్కువ, పనిగంటలు తక్కువ, భద్రత పూర్తి. ప్రైవేటు సంస్థలో జీతం తక్కువ, శ్రమ ఎక్కువ. అట్టి స్థితిలో ఏ యువకుడైనా దేనిని కోరుకొంటాడో చెప్పనవసరం లేదు. పట్టం చేతికి వస్తే చాలు, ఏ విషయంలో పట్టం అన్నది ముఖ్యం కాదనే భావన ప్రబలింది. విజ్ఞానశాస్త్రాలు, సాంకేతిక విద్యలకంటే సులభమైన విషయాలవైపు చాలామంది మొగ్గుచూపారు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2002లో వెలువరించిన అరబ్బు మానవాభివృద్ధి నివేదిక అరబ్బు దేశాలలో మూడు లోటులను ఎత్తిచూపింది. అవి స్వేచ్ఛ, స్త్రీ సాధికారత, విజ్ఞానం. ఆ నివేదికను రూపొందించినవారు అరబ్బు మేధావులే. తమ సమాజాన్ని తాము నిర్మొహమాటంగా పరీక్షించుకొన్న ఆ పత్రం ఎంతో చర్చకు దారితీసింది.

మరి ప్రైవేటు రంగంలోని పనులు ఎవరు చేశారు? ఈ ప్రశ్నకు జవాబు తెలుగునాట పల్లెపల్లెకూ తెలుసు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాలలో గల్ఫ్‌లోని ఏ దేశానికి వెళ్ళినా ‘దుబాయి పోయినాడు’ అనే అంటారు. కడప జిల్లా గ్రామాలలో ఆ స్థానం కువైట్‌ది. గోదావరి జిల్లాల నుండి ఎందరో స్త్రీలు ఇంటిపనులకై ఆ దేశాలకు వెళ్ళారు. పొట్ట చేతపట్టుకొని వెళ్ళిన ఈ కార్మికులు తక్కువ వేతనానికి, మండుటెండలో, ‘కఫాలా’ అనే పూచీదారు పద్ధతికి కట్టుబడి పనిచేశారు. ఆ పద్ధతిలో యజమాని అనుమతి లేనిదే మరొక పనికి మారడం చాలాకాలం పాటు సాధ్యపడేది కాదు. ఇంత చౌకగా, ఇంత విధేయంగా పనిచేసేవారు దొరుకుతుండగా స్వదేశీ యువకునికి ఎక్కువ జీతమిచ్చి నియమించుకోవడానికి వ్యాపారికి కారణం కనిపించలేదు. ఫలితంగా ఖతార్, ఎమిరేట్లలో స్వదేశీయులు మొత్తం జనాభాలో సుమారు పదింట ఒక వంతుకు తగ్గారు. కువైట్‌లో వారు దాదాపు మూడింట ఒక వంతు.

ఒకే సమస్య ఇద్దరు యువకులను రెండు విధాలుగా బాధించిన తీరు ఇక్కడ కనిపిస్తుంది. ఒకడు పని ఉన్న చోటికి ఇల్లూ వాకిలీ విడిచి వెళ్ళి తగిన వేతనం, హక్కులు లేక కష్టపడ్డాడు. మరొకడు తన దేశంలో పని ఉండి కూడా అది తనకు తగదని భావించాడు, లేదా దానికి తగిన నేర్పు లేక కార్యాలయపు కుర్చీకోసం ఏళ్ళ తరబడి నిరీక్షించాడు.

మేలుకొలుపు

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని తెలుగు సామెత. చమురు ధరలు ఎప్పటికీ ఒక్కతీరుగా ఉండవని 1986లో తేలిపోయింది. ఆ ఏడాది పీపా ధర ఒక దశలో 10 డాలర్ల దిగువకు పడిపోయింది. 2014 మధ్యకాలంలో 100 డాలర్లకు పైగా ఉన్న ధర 2016 జనవరిలో 30 డాలర్ల కంటే తగ్గింది. ఇంతలో జనాభా పెరిగింది. 2022 జనగణన ప్రకారం సౌదీ పౌరులలో 63 శాతం మంది 30 ఏళ్ళలోపువారే. ఇంతమందికి ప్రభుత్వోద్యోగాలు ఇవ్వడం ఏ ఖజానాకూ సాధ్యం కాదు.

అందుచేత పాలకులు రెండు మార్గాలు అనుసరించారు. మొదటిది, ఉద్యోగాలలో స్వదేశీయుల నిష్పత్తిని పెంచడం. సౌదీ అరేబియా 2011లో ‘నితాఖత్’ పథకాన్ని ప్రవేశపెట్టింది. ఎంతమంది స్వదేశీయులను నియమించుకొన్నది అనే లెక్కను బట్టి సంస్థలను రంగుల వారీగా వర్గీకరించారు. ఆకుపచ్చ వర్గంలో ఉన్నవారికి సౌకర్యాలు, ఎరుపు వర్గంలో ఉన్నవారికి వీసాల నిరాకరణ. 2013లో ఈ నిబంధనల అమలు, పత్రాల తనిఖీ తీవ్రతరం కావడంతో భారతీయ కార్మికులు అనేకులు స్వదేశానికి తిరిగివచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. జిద్దాలోని ఒక యువకునికి ఉద్యోగ అవకాశం కల్పించిన నిబంధనే జగిత్యాలలోని ఒక కుటుంబానికి అప్పుల భారాన్ని మిగిల్చింది. ఎమిరేట్లలో 50 మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది గల ప్రైవేటు సంస్థలు నైపుణ్యం గల ఉద్యోగాలలో స్వదేశీయుల సంఖ్యను ఏటా 2 శాతం చొప్పున పెంచాలని 2022 నుండి నియమం విధించారు.

రెండవ మార్గం విద్య స్వభావాన్నే మార్చడం. ఖతార్ రాజధాని దోహా శివారులో ‘విద్యానగరం’ వెలసింది. 1998 నుండి అమెరికా విశ్వవిద్యాలయాలు అక్కడ శాఖలను ప్రారంభించాయి. వైద్యానికి ఒకటి, ఇంజినీరింగుకు ఒకటి, కంప్యూటర్ విద్యకు ఒకటి, పత్రికా రచనకు ఒకటి చొప్పున ప్రసిద్ధ సంస్థలను పిలిపించారు. సౌదీ అరేబియా 2005లో ప్రారంభించిన విద్యార్థివేతన పథకం కింద ఒక దశలో లక్షమందికి పైగా యువతీయువకులు విదేశాలలో చదువుకొన్నారు. 2009లో ఎర్రసముద్ర తీరాన ఉన్నత శాస్త్ర పరిశోధనకై ఒక విశ్వవిద్యాలయం ప్రారంభమయింది. స్త్రీపురుషులు ఒకే తరగతిలో చదివే ఏర్పాటు ఆ దేశంలో అదే ప్రథమం. భారతీయ విద్యాసంస్థలు కూడా అక్కడ అడుగుపెట్టాయి. ఢిల్లీ ఐ.ఐ.టి. అబూధాబి శాఖలో 2024లో తరగతులు ప్రారంభమయ్యాయి.

అయితే తెచ్చిపెట్టుకొన్న విద్యకు ఇబ్బందులు లేకపోలేదు. ఖతార్ 2004 ప్రాంతంలో పాఠశాలల సంస్కరణ చేపట్టి గణితం, విజ్ఞానశాస్త్రాలను ఆంగ్లంలో బోధింపజేసింది. పిల్లలు మాతృభాషకు దూరమవుతున్నారని, ఆంగ్లంలో పాఠం అర్థం కాక వెనుకబడుతున్నారని తల్లిదండ్రులు ఆందోళన చెందారు. 2012లో ఖతార్ విశ్వవిద్యాలయం పలు విషయాలలో బోధనను తిరిగి అరబ్బీకి మార్చింది. మాతృభాషలో ఆలోచించే శక్తి, అంతర్జాతీయ భాషలో వ్యవహరించే నేర్పు రెండింటినీ ఎలా సాధించాలి అనే చిక్కు తెలుగు విద్యార్థులకు కూడా కొత్తది కాదు. అలాగే పరదేశపు సంస్థ ఎప్పటికీ నిలిచి ఉంటుందన్న హామీ కూడా లేదు. దోహాలో రెండు దశాబ్దాలుగా నడుస్తున్న తన ఇంజినీరింగు శాఖను 2028 నాటికి మూసివేయాలని ఒక అమెరికన్ విశ్వవిద్యాలయం 2024లో నిర్ణయించింది. పిలిచి తెచ్చుకొన్న గురువు ఒకనాడు వెళ్ళిపోవచ్చు. అప్పటికి శిష్యులు గురువులై ఉండాలి.

ఎడారి నుండి అంగారకునికి

ఆ దిశగా సాధించిన విజయాలు లేకపోలేదు. ఐక్య అరబ్ ఎమిరేట్లు అంగారక గ్రహానికి పంపిన నౌక పేరు ‘అల్ అమల్’, అంటే ‘ఆశ’. అది 2020 జూలైలో జపాన్ నుండి బయలుదేరి 2021 ఫిబ్రవరి 9న అంగారకుని కక్ష్యలో ప్రవేశించింది. సమాఖ్య ఏర్పడి 50 ఏళ్ళు నిండనున్న వేళ ఈ ఘనత సిద్ధించింది. నౌకను డబ్బిచ్చి కొనుక్కోవడం సులభం. అట్లు చేయక, తమ యువ ఇంజినీర్లు అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులతో కలిసి దానిని నిర్మించాలని, నిర్మిస్తూ నేర్చుకోవాలని పాలకులు నిర్దేశించారు. ఆ పథకంలో విజ్ఞాన విభాగానికి నాయకత్వం వహించిన సారా అల్ అమీరీ 1987లో జన్మించింది. షార్జాలో కంప్యూటర్ ఇంజినీరింగు చదివింది. ఆమె బృందంలోని శాస్త్రవేత్తలలో అత్యధికులు మహిళలే. ఆమె 2024లో ఆ దేశ విద్యామంత్రి అయింది. నయీమీ పని చేస్తూ చదువుకొన్నట్లే ఈ యువబృందం కూడా పని చేస్తూ నేర్చుకొంది. చదువుకు, పనికి మధ్య తెగిన బంధం ఇక్కడ మళ్ళీ ముడిపడింది.

సౌదీ అరేబియాలో 2016లో ప్రకటించిన ‘విజన్ 2030’ ప్రణాళిక చమురుపై ఆధారపడటాన్ని తగ్గించడమే లక్ష్యమని చాటింది. 2018లో సినిమాశాలలు తిరిగి తెరుచుకొన్నాయి. అదే ఏడాది జూన్‌లో మహిళలకు వాహనాలు నడిపే హక్కు లభించింది. ఉద్యోగాలలో, ఉద్యోగాన్వేషణలో ఉన్న మహిళల నిష్పత్తిని 2030 నాటికి 30 శాతానికి చేర్చాలన్న లక్ష్యం ఎన్నో ఏళ్ళు ముందుగానే నెరవేరింది. దుకాణాలలో, హోటళ్ళలో, విమానాశ్రయాలలో సౌదీ యువతులు పనిచేయడం ఇరవై ఏళ్ళ క్రితం ఊహకందని విషయం. చదివి ఇంట కూర్చున్న విద్య ఒక్కసారిగా వీధిలోకి వచ్చినట్లయింది.

అయితే ఈ ఆధునికత ప్రధానంగా పైనుండి దిగివచ్చినదని మరువరాదు. వాహనం నడిపే హక్కుకోసం ఏళ్ళ తరబడి ఉద్యమించిన మహిళలలో పలువురు, ఆ హక్కు అమలులోకి రావడానికి కొన్ని వారాల ముందు, 2018 మేలో నిర్బంధానికి గురయ్యారు. కోరుకొన్న మార్పు వచ్చింది. దానిని కోరినవారు కారాగారం పాలయ్యారు. ప్రశ్నించడం నేర్పే చదువు కావాలి, కాని ప్రశ్న మాత్రం వినబడరాదు అనే వైరుధ్యం ఆ సమాజాలలో ఇంకా పరిష్కారం కాలేదు.

పాత ఒడంబడిక కూడా సడలుతోంది. 2018 జనవరిలో సౌదీ అరేబియా, ఎమిరేట్లు వస్తువులపై 5 శాతం పన్ను విధించాయి. 2020 జూలైలో సౌదీ దానిని 15 శాతానికి పెంచింది. పన్ను చెల్లించని పౌరుడు ప్రభుత్వాన్ని అడగడానికి వెనుకాడవచ్చు. చెల్లించే పౌరుడు ఆ ధనం ఏమైనదని ఒకనాడు అడుగుతాడు. ప్రభుత్వం ఉద్యోగం ఇవ్వలేనప్పుడు యువత తన కాళ్ళపై తాను నిలబడవలసి ఉంటుంది. నిలబడినవారు తమ మాటకు విలువ కోరుకోవడం సహజం.

ఉపసంహారం

కువైట్ వర్తకులు 1911లో చందాలతో బడి కట్టినప్పుడు వారి చేతిలో చమురు లేదు. చదువుకొన్నవారి అవసరం మాత్రం ఉంది. 1970వ దశకంలో ఖజానా నిండా ధనం ఉంది. అవసరం అడుగంటింది. బడి ఎంత గొప్పదైనా, దాని గడప దాటిన విద్యార్థికోసం సమాజంలో ఒక పని ఎదురుచూస్తూ ఉంటేనే చదువు సార్థకమవుతుందని ఈ రెండు కాలాలు బోధిస్తున్నాయి. నేటి గల్ఫ్ యువత మూడవ కాలంలో నిలిచి ఉంది. వారి ముందు ధనమూ ఉంది, అవసరమూ తిరిగి వచ్చింది. తాతలు సముద్రగర్భంలోకి దిగి ముత్యాలు తెచ్చారు. తండ్రులు భూగర్భం నుండి వచ్చిన చమురుతో జీవించారు. ముత్యాల వెల ఒకనాడు పడిపోయింది. చమురు అవసరం తగ్గే రోజుకు ఆ దేశాలే సిద్ధపడుతున్నాయి. ఆ రోజు వచ్చేలోగా తమ బుద్ధిబలంతో, చేతి నేర్పుతో బ్రతుకుదెరువును సృష్టించుకోవడం ఈ తరం ముందున్న పరీక్ష. ఆ పరీక్షలో వారి అక్కచెల్లెళ్ళు ఇప్పటికే ముందు వరుసలో కూర్చున్నారు.